మేడ మీద మిషన్

కామాక్షి దొండకాయలు నిలువుగా కోస్తోంది. చక్రాల్లా తరిగితే పది నిమిషాల పని. కానీ చక్రాల వేపుడు మురళీధర్ తినడు. వాళ్లమ్మ నిలువుగా కోసేదట. పెళ్లయిన పదహారేళ్లలో ఆ ఇంట్లో ఒక్క దొండకాయ కూడా అడ్డంగా తెగిన పాపాన పోలేదు.

హాల్లోంచి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకునే, అతను అన్నాడు: "రేపు మిషన్ చూడ్డానికి కమిటీ వాళ్లొస్తున్నారు. నువ్వే నిలబడాలి. జరీ లేని కాటన్ చీర కట్టుకో."

"ఎక్కడ, మేడ మీదా?"

"మేడేంటి. కింద, కాన్ఫరెన్స్ రూములో."

కామాక్షి చాకు ఆపింది. "గదిలో బొమ్మ రాదు కదండీ."

"రానక్కర్లేదు. పోయిన నెల మేడ మీద నిన్ను తీశాం కదా, ఆ రికార్డింగే వేస్తాం. లైవ్ అని చెప్తాం. నువ్వు దానికి తగ్గట్టు నిలబడి, సార్ చెప్పినప్పుడు కుడి చెయ్యెత్తితే చాలు." పేజీ తిప్పాడు. "సాంబార్లో ఉప్పు చూసుకో. నిన్న చప్పగా ఏడ్చింది."

మోసమూ సాంబారూ ఒకే గుక్కలో చెప్పేశాడు. రెండింట్లో అతన్ని కాస్తయినా బాధపెట్టింది సాంబారే.

ఆ మిషన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. నాచారం పారిశ్రామికవాడలో విశ్వనాథం గారి చిన్న కంపెనీ ఐదేళ్లుగా దాన్ని తయారుచేస్తోంది. మనిషి బట్టల కింద కత్తో తుపాకో దాచుకుంటే, ఒంటి మీద చెయ్యి వేయకుండా కనిపెట్టే కెమెరా అది. స్టేడియం గేట్ల దగ్గరా రైల్వే స్టేషన్లలోనూ పెట్టొచ్చని ఆశ. ఎక్స్‌రే కాదు, దాన్నుంచి ఏ కిరణమూ బయటికి పోదు. ప్రతి ఒంట్లోంచీ కంటికి కనపడని మిల్లీమీటరు తరంగాలు వాటంతటవే వస్తూంటాయి, బట్టల్ని దాటుకుని మరీ. మిషన్ వాటిని పట్టుకుని బొమ్మ కడుతుంది. ఒళ్లు తెల్లగా వస్తుంది. ఇనుము మాత్రం అద్దం లాంటిది, ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది. ఆరుబయట నిలబడితే దానికి ఎదురుగా ఉండేది ఆకాశం. ఆ తరంగాల్లో ఆకాశం మహా చల్లన. అందుకని ఇనుము నల్లగా బయటపడిపోతుంది. అదే నాలుగు గోడల మధ్య అయితే ఇనుములో కనిపించేది గోడల వెచ్చదనమే. ఒళ్లూ గోడా ఇనుమూ కలిసిపోయి బూడిదరంగు ముద్ద తప్ప ఇంకేమీ కనపడదు.

ఈ ముక్క కామాక్షి విశ్వనాథం గారికి ఏడాదిలో ఇరవైసార్లయినా చెప్పి ఉంటుంది. ఆయన ప్రతిసారీ కళ్లజోడు తుడుచుకుంటూ, "థియరీ నాకు చెప్పకమ్మా" అనేవాడు. నిజానికి ఆయనకి చెప్పాల్సింది థియరీయే. ఎప్పుడో పాతికేళ్ల కిందట చదివింది మర్చిపోయి, మర్చిపోయిన సంగతి కూడా మర్చిపోయిన మనిషి ఆయన. పొద్దున్నే వచ్చి ద్రవ నైట్రోజన్ ఫ్లాస్కు మూత తీసేది కామాక్షి. నల్లటి నురగ దిమ్మెని అందులో ముంచి, పొగలు కక్కుతున్న దాన్ని తరంగాల్ని పట్టే పదహారు రిసీవర్లలో ఒక్కోదాని ముందూ పట్టుకుని, చల్లటి దానికి ఎంత చూపిస్తోంది, మామూలు దానికి ఎంత చూపిస్తోంది రాసుకుని, పదహారూ ఒకే మాట చెప్పేలా సర్దేది కామాక్షి. అది చేయకపోతే తెర మీద మనిషి రాడు, చారల పంచె ఆరేసినట్టు చారలొస్తాయి. ఉస్మానియాలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదివిన ఆ మనిషి హోదా పదకొండేళ్లుగా టెక్నికల్ అసిస్టెంటు.

మురళీధర్ మార్కెటింగ్ మేనేజరు. ఉన్న ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుంటే, విశ్వనాథం గారితో మాట్లాడి అతన్ని అక్కడ చేర్పించింది కామాక్షే. ఆ సంగతి అతను ఎంత శుభ్రంగా తుడిచేశాడంటే, ఇప్పుడు చుట్టాలతో, "మా ఆవిడకి కూడా అక్కడే ఏదో వేయించాను, ఇంట్లో ఊరికే ఉండడం ఎందుకని" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు కామాక్షి తనే తప్పు విన్నాననుకుంది. తర్వాత్తర్వాత, ఆ వాక్యం అతని నోట్లోంచి ఎంత సాఫీగా జారుతుందో చూడడం ఆమెకొక కాలక్షేపమైంది. అబద్ధమాడేవాడికి లోపల ఎక్కడో నిజం తెలిసి ఉండాలి కదా. అతనికి ఆ మాత్రం శ్రమ కూడా లేదు.

మనిషిని పెట్టి పరీక్ష చేయాలన్న మాట వచ్చినప్పుడు ముందు అడిగింది సారలమ్మని. చీరలో అయితే మడతలుంటాయి, కష్టమైన పరీక్ష, కాబట్టి ఆడమనిషే కావాలన్నాడు విశ్వనాథం. సారలమ్మది ఆలేరు దగ్గర పల్లె, ఉండేది చిల్కానగర్‌లో కామాక్షి వాళ్ల వెనక వీధి. పదో తరగతి తప్పింది. సూక్ష్మదర్శిని కింద వెంట్రుకలో సగం కూడా లేని బంగారు తీగని రిసీవర్లో అతికించాలంటే ఆ కంపెనీలో ఆమె చెయ్యొక్కటే ఆగుతుంది. ఆమె తలెత్తకుండానే చెప్పింది.

"నేను నిలవడ సార్. నాకు పనున్నది."

"ఐదు నిమిషాలే సారలమ్మా."

"ఐదు నిమిషాలైతే మీరే నిలవడున్రి."

అంతే. కథ అయిపోయింది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు, అంటే తీగలెవరు అతికిస్తారు? అప్పుడు మురళీధర్ చాలా ఉదారంగా, ఇంట్లో ఉన్న నిచ్చెన ఎరువిస్తున్నట్టు అన్నాడు: "మా కామాక్షి ఉందిగా సార్."

కామాక్షి నిలబడింది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆమెకి మగవాళ్ల మీద కన్నా తన మీదే ఎక్కువ రోత పుడుతుంది. సారలమ్మ నోటికి అంత తేలిగ్గా వచ్చిన మాట ఎమ్మెస్సీ చదివిన నోటికి ఎందుకు రాలేదు?

మార్చి నెల్లో, మేడ మీద. మిషన్ సర్దేది ఆమె, పరుగెత్తుకెళ్లి గోడ ముందు నిలబడేది ఆమె, బొమ్మ వంకరగా వస్తే మళ్లీ వచ్చి మిషన్ లోపలి అద్దం తిప్పేదీ ఆమే. మురళీధర్ మౌస్ మీద వేలు పెట్టుకుని కూర్చునేవాడు. నడుం దగ్గర ఇనపరేకు చీర కుచ్చిళ్లలో దోపుకుని నిలబడితే, తెర చుట్టూ మూగిన నలుగురూ ఏదో గొణుక్కుని నవ్వేవాళ్లు. "మేడమ్ గారు కాస్త వెడల్పుగా వస్తున్నారు, లెన్సు సరిచూడాలి" అన్నాడొకసారి విశ్వనాథం. అందరికన్నా గట్టిగా నవ్వింది మురళీధర్. జాకెట్టు వీపు రెండంగుళాలు దిగితే టైలరు దగ్గరికి తిరిగి పంపించే మురళీధర్. ఎదురింటివాళ్లకి కనపడుతుందని ఆమె చీరలు దండెం లోపలి వరస మీద ఆరేయమనే మురళీధర్.

ఇంకొకటి. మొదటి రోజు ఆమె గుండెల మీద చిన్న నల్లచుక్క వచ్చింది. మంగళసూత్రాలు. "అది తీసేయాలమ్మా, బొమ్మ పాడవుతోంది" అన్నాడు విశ్వనాథం. రెండేళ్ల కిందట కామాక్షికి మెడ దగ్గర స్కానింగ్ చేయాల్సి వచ్చినప్పుడు సూత్రాలు తీయమంటే, దవాఖానా వరండాలో అత్తగారు చేసిన గొడవకి నర్సులు పోగయ్యారు. "నా కొడుకు బతికుండగా" అని మొదలుపెట్టి, మెడకి పసుపుతాడు కట్టి సూత్రాల బదులు దానికి పసుపుకొమ్ము ముడేసేదాకా ఆవిడ ఊరుకోలేదు. మురళీధర్ తల్లి పక్కన నిలబడి తలూపాడు. అదే మురళీధర్ మేడ మీద, మౌస్ మీంచి చెయ్యి తీయకుండా అన్నాడు: "తీసెయ్, ఐదు నిమిషాలేగా. నేను బానే ఉంటాలే." మళ్లీ నలుగురూ నవ్వారు. సంప్రదాయం అనే వస్తువు అతని దగ్గర గొడుగులాంటిది. ఎండొచ్చినప్పుడు అతనే తెరుస్తాడు, అవసరం లేనప్పుడు ఆమె చేతికిచ్చి మోయమంటాడు.

దొండకాయల మర్నాడు పొద్దున, స్కూటరు ఎక్కబోతూ కామాక్షి ఇంకోసారి చెప్పి చూసింది. "మేడ మీదే చూపిద్దామండీ. మిషన్ బాగా పనిచేస్తోంది. ఈ దొంగాట ఎందుకు?"

"ఏప్రిల్ ఎండలో అంతటి ఆఫీసర్లు రెండంతస్తులు ఎక్కుతారా? నీకు చదువే గానీ లోకజ్ఞానం లేదే" అన్నాడు మురళీధర్, హెల్మెట్టు బిగించుకుంటూ.

కమిటీ పదకొండింటికి వచ్చింది. నలుగురు మగ ఆఫీసర్లు, ఒక ఆడ ఆఫీసరు. ఆవిడ పేరు ఉమ, పోలీసు శాఖ నుంచి. నలభై దాటి ఉంటాయి, చేతిలో చిన్న పుస్తకం. పెద్దాయన నరసింహమూర్తి గారు కుర్చీలో కూర్చుంటూనే భోజనం ఎన్నింటికని అడిగాడు. కామాక్షి కాఫీలు పంచింది. పంచమని ఎవరూ చెప్పలేదు. ట్రే ఆమె ముందు పెట్టి విశ్వనాథం మాటల్లో పడ్డాడు, అంతే.

"పాసివ్ ఇమేజింగ్ అంటే ఏమిటంటే సార్" అన్నాడాయన తెర ముందు నిలబడి, "ఈ మిషన్ తనంతట తను ఏమీ పంపదు. వచ్చిందంతా ఊరికే తీసుకుంటుంది. మా కామాక్షిలాగా, ఎదురు మాట ఉండదు."

నవ్వారు. ఉమ నవ్వలేదు, రాసుకుంటోంది. కామాక్షి ఖాళీ కప్పులు ఏరుతూ అనుకుంది: ఊరికే తీసుకోవడమట. ఆకాశమంత చప్పుడులోంచి ఒక ఒంటి గుసగుసని ఏరి పట్టుకోవడం ఎంత చాకిరీయో ఈయనకేం తెలుసు. కేకలు వేసే మిషన్‌ని ఎవడైనా చేస్తాడు.

నేల మీద సుద్దతో గుర్తు పెట్టిన చోట నిలబడింది. ఎదురుగా మిషన్ అద్దం మంద్రంగా తిరుగుతోంది. చూపించేది దాన్ని కాదు కాబట్టి ఎలా తిరిగినా ఫరవాలేదు. మురళీధర్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బటన్ నొక్కాడు. గోడ మీది తెరలో తెల్లటి ఆకారం వచ్చింది. నడుం దగ్గర నల్లటి చతురస్రం, కత్తిరించి అతికించినట్టు. అందమైన బొమ్మ. మార్చిలో అది తీసిన రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు. పదహారు రిసీవర్లనీ ఆమె రెండు గంటలు సర్దింది. తన చేతి పని చూసి కామాక్షికి ఒక్క క్షణం గర్వం వేసింది.

"ఇప్పుడు మేడమ్ చెయ్యెత్తుతారు, లైవ్‌లో గమనించండి" అన్నాడు విశ్వనాథం. "చెయ్యెత్తమ్మా."

ఎత్తకూడదని ఆమె ముందుగా ఏమీ అనుకోలేదు. స్కూటరు మీద వస్తున్నంతసేపూ, కానీలే, ఐదు నిమిషాలు, అనే అనుకుంది. కానీ తెర వైపు చూసింది. తెరలో ఆడది అప్పుడే చెయ్యెత్తుతోంది. రెండు సెకన్లకొక బొమ్మ చొప్పున, మెల్లగా, కుడి చెయ్యి భుజం దాకా, తల దాకా, తల మీదికి. ఎంత బుద్ధిమంతురాలో. అనగానే ఎత్తుతోంది, ఎందుకని అడగడం లేదు. ఈవిడ ఎవరు? నేను ఇన్నాళ్లూ వీళ్లకి ఇలా కనిపించానా?

ఆమె చేతులు రెండూ కిందే ఉన్నాయి.

"చెయ్యి" అన్నాడు మురళీధర్ పళ్ల మధ్యనుంచి.

అందరికీ వినపడేలా మొదట మాట్లాడింది ఉమ. "ఆమె చెయ్యెత్తలేదు కదా."

"కొంచెం డిలే ఉంటుంది మేడమ్" అన్నాడు విశ్వనాథం. "బొమ్మ లేటుగా వస్తుంది."

"లేటుగా వస్తే, ఎత్తిన తర్వాత రావాలి. ఎత్తకముందే ఎట్ల వచ్చింది?"

విశ్వనాథం కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మురళీధర్ నవ్వబోయాడు, పెదాలు సగంలో ఆగిపోయాయి. కామాక్షి తన గొంతు తనే విన్నది. క్లాసులో పాఠం చెప్తున్నట్టుంది.

"అది మార్చిలో తీసిన రికార్డింగ్ మేడమ్. ఈ గదిలో ఇది పనిచేయదు, పైన ఆకాశం ఉండాలి. ఆకాశం ఉంటే మాత్రం నిజంగా పనిచేస్తుంది. మేడ మీదికి వస్తే చూపిస్తాను. ఒక గంట పడుతుంది సర్దడానికి."

నరసింహమూర్తి గారు వాచీ చూసుకున్నాడు. ఆయనకి మోసపోయినందుకు కోపం వచ్చినట్టు లేదు, భోజనం ఆలస్యమవుతుందని వచ్చింది. "ఇవన్నీ మీరు తేల్చుకుని మళ్లీ పిలవండి" అంటూ లేచాడు. ముగ్గురు మగ ఆఫీసర్లు ఆయన వెనకే లేచారు. ఉమ పుస్తకం మూసింది.

"రిపోర్టు రాయాల్సింది నేనే గదా సార్. నేను ఉండి వస్త" అని, కామాక్షి వైపు తిరిగింది. "మెట్లు ఎటున్నయి?"

సరుకు లిఫ్టులో మిషన్ పైకెక్కింది. సారలమ్మ చక్రాల బండి ఒకవైపు పట్టుకుని వచ్చింది. లిఫ్టులో చిన్నగా అంది: "మంచిగ జేసినవక్కా. ఇగ భయపడకు, పోతే ఉద్యోగం పోతది, గంతే గద. మనకు చేతులున్నయి."

ఎండ మాడ్చేస్తోంది. నురగ దిమ్మె మీంచి నైట్రోజన్ పొగ కామాక్షి కాళ్ల మీదుగా పారింది. పదహారు రిసీవర్లు. ఒక్కోటీ. నీళ్ల ట్యాంకు నీడలో విశ్వనాథం, మురళీధర్, ఇంకో ఇద్దరు ఇంజనీర్లు నిలబడి చూస్తున్నారు. ఆమె ఏం చేస్తోందో వాళ్లలో ఒక్కరికీ తెలియదని ఆ గంటలో ఉమకి అర్థమైపోయింది. ప్రశ్నలన్నీ కామాక్షినే అడిగింది.

అంతా సిద్ధమయ్యాక విశ్వనాథం గొంతు సవరించుకున్నాడు. "సరే కామాక్షీ, వెళ్లి గోడ ముందు నిలబడు."

"నేను నిలబడితే మిషన్ ఎవరు నడుపుతారు సార్?"

నలుగురు మగవాళ్లూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంజనీర్లలో ఒకడు, తనకి లో బీపీ అన్నాడు. సారలమ్మ చెమట తుడుచుకుంటూ, మర్యాదగానే అంది: "మురళీధర్ సార్ ఉన్నడు గద. నిలవడుడే గద సార్, ఏం పనుంటది అండ్ల."

ఏడాది తిరిగాక రెండు మిషన్లకి ఆర్డరు వచ్చింది. విశ్వనాథం ఆ మేడ మీది పరీక్ష మొదట్నుంచీ తన ఆలోచనే అని సభల్లో చెప్పాడు. కామాక్షి పేరు పక్కనుంచి అసిస్టెంటు అన్న మాట పోయింది, పోకపోతే తను పోతానని రాసిచ్చాక. ఇంట్లో చాలా రోజులు కంచాలు గట్టిగా చప్పుడయ్యాయి, అత్తగారు ఒక పూట అన్నం మానేశారు, ఆకలేసి రెండో పూట తిన్నారు. ఇవన్నీ జరిగాయి. కానీ కామాక్షికి ఆ రోజు గురించి గుర్తుండిపోయింది ఇవేవీ కావు.

ఉమ చాలా పద్ధతిగా పరీక్ష పెట్టింది. ప్రతిసారీ మురళీధర్‌ని నీళ్ల ట్యాంకు వెనక్కి తీసుకెళ్లి, చొక్కా కింద ఏదైనా పెట్టిస్తుంది, లేదా పెట్టించదు. అతను వచ్చి గోడ ముందు నిలబడతాడు. ఏముందో, ఎక్కడుందో కామాక్షి చెప్పాలి. తప్పు చెబితే మిషన్ కథ అక్కడితో సరి.

మొదటిసారి వెళ్తూ మురళీధర్ ఆమె పక్కనుంచి నడిచి, పెదాలు కదలకుండా అన్నాడు: "ఇంటికి రా, చెప్తా."

పదహారేళ్లుగా వింటున్న మాట. సంతలో, పెళ్లిళ్లలో, ఉప్పల్ బస్టాపులో, నలుగురి మధ్య ఆమె ఏదైనా అన్నప్పుడల్లా ఆ మూడు మాటలు చెవి దగ్గర పడేవి. ఇంటికి వెళ్లేదాకా కడుపులో రాయి. ఇంటికి వెళ్లాక అతను చెప్పేది ఎప్పుడూ పెద్దగా ఉండదు. రాయి పని దారిలోనే అయిపోయేది.

మొదటి బొమ్మ. "ఎడమ తుంటి దగ్గర. పొడుగ్గా ఉంది, స్క్రూడ్రైవరో ఏదో."

ఉమ రాసుకుంది.

రెండోది ఎక్కువసేపు పట్టింది. ముందు వైపు ఏమీ లేదు. "వెనక్కి తిరగమనండి మేడమ్." మురళీధర్ తిరిగాడు. "వీపు మధ్యలో ఉంది. బిళ్లలా ఉంది."

మూడోసారి అతను వచ్చి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. ముందు పొట్ట మీద కట్టుకున్నాడు, తర్వాత కిందికి దించి ఒకదాన్నొకటి పట్టుకున్నాడు. ఇందాకటి రెండుసార్లూ కామాక్షి నల్లమచ్చ కోసమే వెతికింది, మనిషిని చూడలేదు. ఇప్పుడు చూసింది. తెర మీద నలభై గీతల ఎత్తున, అంచులు చెరిగిపోయిన తెల్లటి మనిషి. మొహం లేదు. గొంతు లేదు. మేనేజరు లేడు, అమ్మకొడుకు లేడు. పొట్ట లోపలికి పీల్చుకుని ఊపిరి బిగబట్టి, ఎవరో ఏదో అంటారేమోనని నిలబడిన ఒక వెచ్చటి ముద్ద. దాని మాటకి తను పదహారేళ్లు కడుపులో రాళ్లు మోసింది. దాని ఇష్టానికి కూరలు కోసింది, జాకెట్లు కుట్టించుకుంది, మెడలోది తీసి దాని చేతిలో పెట్టింది. దీనికా? జాలి వేస్తుందేమోనని ఒక నిమిషం ఆగి చూసుకుంది. వెయ్యలేదు. సాయంత్రం ఇంటికి వెళ్తుంది. ఆ ఇల్లు ఆమెది కూడా. వెళ్తే చెప్పాల్సిన మాటలు ఈసారి ఆమె దగ్గరున్నాయి, ఆ రాయిని దారి పొడవునా అతను మోసుకురానీ.

అద్దం ఇంకో రెండుసార్లు తిప్పింది. తల నుంచి కాళ్ల దాకా, ముందూ వెనకా, తొందర లేకుండా వెతికింది.

"ఏమన్న కనపడ్తున్నదా?" అని అడిగింది ఉమ, కలం పట్టుకుని.

కామాక్షి తెర మీంచి చూపు తిప్పి, గోడ ముందున్న మనిషిని ఒకసారి చూసింది.

"లేదు మేడమ్" అంది. "ఆయన దగ్గర ఏమీ లేదు."